బండిని జాకీ మీద లేపేముందు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. వానకి నానిన పెరట్లో, మీ నాన్న కారు డిక్కీలోంచి తీసిన జాకీ పెట్టి, సైలెన్సర్ కిందనుంచి నీ డ్యూక్ బైకుని లేపి నిలబెట్టావు. ఫొటో తీసేదాకా నిలబడింది, సంతోషం. వెనక చక్రం ఇరుసుని బిగించే ఏక్సిల్ నట్టు మీద పానా వేసి ఒక్క గుంజు గుంజి ఉంటే ఈపాటికి నువ్వు ట్యాంకు సొట్ట ఫొటో పంపేవాడివి. ముందు దాన్ని దింపు, తరవాత మిగతాది చదువు.

జాకీ పని ఎత్తడం వరకే. ఎత్తినదాన్ని నిలబెట్టే పని మొద్దులది, తాళ్ళది. మా షెడ్డులో పనికొచ్చిన ప్రతి కుర్రాడికీ ఈ మాట చెప్పాకే పానా చేతికిచ్చేవాణ్ణి. ఎత్తుతుండగా పడ్డ బళ్ళు నేను పెద్దగా చూళ్ళేదు. ఎత్తడం అయిపోయింది కదా అని ధీమాగా పక్కన కూర్చుని నట్టు గుంజినప్పుడో, చక్రం ఊడొచ్చిన మరుక్షణమో పడ్డవే అన్నీ.

మన నేల సంగతి నీకు తెలీంది కాదు. ఒండ్రు మట్టి. పైన ఎండి బీటలు కనిపిస్తున్నా జానెడు లోపల తడే. కారు జాకీ అడుగు నీ అరచేయంత ఉంటుంది. బండి నూట యాభై కిలోల పైమాట. అందులో సగానికి పైగా ఆ అరచేయంత రేకు మీద పడితే మట్టిలోకి దిగక ఏం చేస్తుంది? తిన్నగా దిగినా బాగుణ్ణు, ఓ పక్కకి ఒరుగుతూ దిగుతుంది. అందుకని వసారాలో సిమెంటు గచ్చు మీద పెట్టు. గచ్చుకి కూడా నీళ్ళు పోయే వాటం ఉంటుంది. ఓ చెంబు నీళ్ళు ఒలకబోసి చూడు, అవి ఎటు పారితే బండిని ఆ వరసలోనే పొడుగ్గా పెట్టాలి. వాటానికి అడ్డంగా పెట్టావో, ఎత్తకముందే ఓ పక్కకి వాలినట్టే లెక్క. పెరట్లో తప్పనిసరైతే జాకీ కింద నాపరాయి పలకో, రెండడుగుల టేకు చెక్కో వెయ్యి. మన ఊళ్ళో కాలికి తగిలేవన్నీ కొబ్బరి మొద్దులే గానీ, వాటి నడిమి భాగం మెత్తన, బరువుకి నలుగుతుంది. నల్లతుమ్మ దొరికితే ఇంకేం కావాలి.

ఇక జాకీ తల ఎక్కడ ఆనాలన్నది. నీది పాత మోడల్ డ్యూక్, సైలెన్సర్ పొట్ట కిందే ఉంటుంది. దాని మీద బరువు పెడితే రేకు సొట్టపోయి బిగింపులు వంగుతాయి. పోనీ ఇంజన్ కింద పెడదామంటే, ఆ బండికి ఇంజన్ కిందుగా పోయే ఛాసీ గొట్టాలు లేవు. కాబట్టి జాకీ మాట మరిచిపో, పాడాక్ స్టాండు కొనుక్కో. వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే కమ్మీని స్వింగార్మ్ అంటారు, దాని వెనక కొసన రెండు పక్కలా మరలున్న బెజ్జాలుంటాయి. వాటికి బాబిన్లు, అంటే దారపు రీలులా ఉండే బొడిపెలు, బిగించి, స్టాండు కొక్కేలు వాటి కింద పట్టించి నొక్కితే వెనక చక్రం లేస్తుంది. బండిని తిన్నగా పట్టుకోడానికి ఇంకో మనిషి ఉండాల్సిందే. చెయ్యి తిరిగాక ఒక్కడివే చేసుకుందువుగాని.

మీ నాన్న స్ప్లెండర్ లెక్క వేరు. డబుల్ స్టాండు వేస్తే వెనక చక్రం దానంతటదే లేస్తుంది. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు గొట్టాల్లో ఆయిల్ మార్చాలన్నా, హ్యాండిల్ తిరిగేచోట ఉండే కోన్ సెట్ చూడాలన్నా, ముందు చక్రం లేపడానికి అప్పుడు జాకీ కావాలి. ఇంజన్ కింద రెండు గొట్టాలు కనిపిస్తాయి, వాటికి అడ్డంగా గట్టి చెక్క ముక్క పెట్టి దాని కింద జాకీ ఆనించు. ఆయిల్ డ్రెయిన్ బోల్టు అక్కడే ఉంటుంది, దానికి మాత్రం చెక్క తగలకూడదు. ఇంజన్ కేసు అల్యూమినియం, పగిలిందంటే నీ నెల జీతం దానికే. ఇంకోటి, చాలామంది వదిలేసేది. ముందు చక్రం లేచేటప్పుడు బండి రవ్వంత ముందుకి జరిగినా డబుల్ స్టాండు వెనక్కి మడతపడిపోతుంది. స్టాండు అడ్డకమ్మీకి తాడు వేసి, ముందుకి లాగి, ఇంజన్ ముందున్న ఛాసీ గొట్టానికి కట్టెయ్. అసలు ఆ స్టాండు పిన్నూ స్ప్రింగూ ఓసారి చూసుకో. రోజూ సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం వెళ్ళొచ్చే బండి, ఆ ఉప్పుగాలికి పైన రంగు బానే ఉన్నా లోపల తుప్పు తినేసి ఉంటుంది.

ఎత్తకముందే చెయ్యాల్సిన పనులు ఎత్తాక చేసేవాటికంటే ఎక్కువ. సైలెన్సర్ చల్లారనివ్వు. డిక్కీ పెట్టె, సంచులు తీసెయ్. బిగుసుకుపోయిన నట్లన్నీ చక్రాలు నేల మీద ఉండగానే ఓ పావు చుట్టు వదులు చెయ్యి, ఏక్సిల్ నట్టు మరీ ముఖ్యం. గాల్లో ఉన్న బండి మీద బలం చూపించకు. వెనక చక్రం లేపేటట్టయితే గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు బ్రేకు లివర్‌ని గ్రిప్పుకి నొక్కి సైకిల్ ట్యూబు ముక్కతో నాలుగు చుట్లు బిగించి ముడెయ్యి. చెయ్యి తీశాక బండిని ముందుకీ వెనక్కీ తోసి చూడు. చక్రం అంగుళం కూడా కదలకూడదు. టైరుకి ముందొక ఇటుక, వెనకొక ఇటుక. జాకీతో లేపేటప్పుడు ముందు వైపు ఫోర్కు గొట్టాల్ని పట్టి ఉంచే క్లాంపు దగ్గర నుంచి రెండు పక్కలా వసారా స్తంభాలకి కట్టు. గ్రిప్పులకి కట్టకు, జారిపోతాయి. కొబ్బరి తాడు సాగుతుంది, నైలాన్ మోకో లారీవాళ్ళు వాడే బెల్టో అయితే మేలు. ఒకటి గుర్తుంచుకో, సైడ్ స్టాండు మీద వాలి ఉన్న బండికి జాకీ పెట్టకూడదు. స్టాండు నేల విడిచిన క్షణంలో బండి ఎటు తూలుతుందో ఎవరూ చెప్పలేరు.

లేపేటప్పుడు టైరుకీ నేలకీ మధ్య రెండు వేళ్ళు దూరితే చాలు. ఇంకాస్త ఎత్తితే కూర్చోడానికి వీలుగా ఉంటుందనిపిస్తుంది, అక్కడే ఆగాలి. ఆగగానే ఛాసీ కింద మొద్దులు దోపి, జాకీ రవ్వంత దింపి, బరువు మొద్దుల మీదికి తీసుకురా. హైడ్రాలిక్ జాకీ అయితే ఇది ఇంకా ముఖ్యం, సీలు పాతబడితే నువ్వు చూస్తుండగా బానే ఉండి, టీ తాగొచ్చేసరికి కుంగి ఉంటుంది. ఆ తరవాత సీటు పట్టుకుని అటూ ఇటూ ఊపు. ఊగితే దింపేసి మళ్ళీ మొదటినుంచి. వెనక చక్రం ఊడదీస్తే బరువు ముందుకి పోతుంది, ముందు చక్రం తీస్తే వెనక్కి. చక్రం తియ్యకముందే ఆ బరువు పోయే పక్కన కూడా మొద్దు ఆనించి ఉంచు.

చైను శుభ్రం చెయ్యడానికేగా ఇదంతా అన్నావు. అయితే ఈ ముక్క రెండుసార్లు చదువు. ఇంజన్ ఆన్ చేసి, ఫస్ట్ గేరేసి, చక్రం తిరుగుతుంటే చైనుకి గుడ్డ పెట్టి తుడిచేవాళ్ళుంటారు. చూడ్డానికి సులువుగా ఉంటుంది. చెరువుల మీద కాపలాకి తిరిగే ఒకాయన ఇలా చేసే మా షెడ్డుకొచ్చాడు, చూపుడువేలు మొదటి కణుపు దాకా లేదు. గుడ్డ పోగు స్ప్రాకెట్ పళ్ళకి చిక్కిందట, చెయ్యి లాక్కునే టైమెక్కడిది? తాళం చెవి బండికి వదిలెయ్యకు, జేబులో వేసుకో. చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ కిరసనాయిలూ బ్రష్షూ పెట్టి కడుగు. పెట్రోలు వాడకు, చైను లింకుల్లో ఉండే రబ్బరు రింగులు పాడవుతాయి. పొడిగుడ్డతో తుడిచి, ఆరాక తొంభై నంబరు గేరు ఆయిలు కింది చైను మీద లోపలివైపు నుంచి వెయ్యి. ఉప్పునీళ్ళు తగిలే దారి కాబట్టి ఈ పని వాయిదా వెయ్యకు. చైను ఎంత వదులుండాలన్నది బండి పుస్తకంలో రాసుంటుంది, అదే పాటించు.

పిల్లల్ని ఇంట్లోకి పంపి తలుపెయ్యి. ఇంత చేసినా బండి ఒరిగిందనుకో, పట్టుకోబోకు, పక్కకి దూకెయ్. ఇండికేటరు దొరుకుతుంది, మోకాలు దొరకదు.

దింపేటప్పుడు తొందరొద్దు. ముందు సైడ్ స్టాండు తెరువు, ఒకరు బండి పట్టుకోవాలి, అప్పుడు జాకీ మెల్లగా వదులు. ఏక్సిల్ నట్టు ఆఖరి బిగింపు చక్రాలు నేల తాకాకే. డిస్కు బ్రేకున్న చక్రం గనక ఊడదీసి ఉంటే, బండి కదిలించకముందే లివరు గట్టి పడేదాకా నొక్కుతూ ఉండు. ప్యాడ్లు వెనక్కి పోయి ఉంటాయి, మొదటి నొక్కుకి బ్రేకు పడదు. సైకిల్ ట్యూబు విప్పడం కూడా అప్పుడే.

నల్లతుమ్మ మొద్దులు షెడ్డులో ఊరికే పడున్నాయి, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. బాబిన్లు కొనేటప్పుడు మర సైజు సరిచూసుకుని కొను. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య