మీ వాహనం, మీ సందేహాలు: కిందికి దించిన స్పోర్ట్స్ కారుతో రోజువారీ ప్రయాణం

ప్రశ్న: రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో పోర్షే 718 కేమన్ కొనుక్కున్నాను. ఈ మధ్య అసలు స్ప్రింగులు తీయించి, కారును 30 మిల్లీమీటర్లు కిందికి దించే పొట్టి స్ప్రింగులు వేయించాను. అంతకుముందు అడుగున 130 మి.మీ. ఖాళీ ఉండేది, ఇప్పుడు 100 మి.మీ. ఉంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు ఎక్కి వీధిలోకి దిగేచోట రోజూ అడుగు రాసుకుంటోంది. కాలనీ స్పీడ్ బ్రేకర్ మీద ఎంత నెమ్మదిగా పోనిచ్చినా అంతే. మిత్రులు చెప్పినట్టు క్రాస్‌గా దాటించినా ఫలితం లేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, కొండాపూర్, హైదరాబాద్

జవాబు: మీ డ్రైవింగ్‌లో లోపం లేదు. కారు ముక్కు, అంటే ముందు బంపర్ అంచు, తగలడం వేరు; నడుము, అంటే ముందు, వెనుక చక్రాల మధ్య అడుగుభాగం, తగలడం వేరు. మీరు రాసినదాన్ని బట్టి తగులుతున్నది నడుము, కానీ మీ మిత్రులు చెప్పినది ముక్కుకు పనికొచ్చే ఉపాయం.

ముందు లెక్క చూద్దాం. మీ కారు ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 2,475 మి.మీ. అడుగున 130 మి.మీ. ఖాళీ ఉన్నప్పుడు, వాలు ముగిసి చదును మొదలయ్యే అంచు దగ్గర రెంటికీ మధ్య తేడా దాదాపు 12 డిగ్రీలున్నా ఈ కారు నడుము తగలకుండా దాటగలదు. ఖాళీ 100 మి.మీ.కు తగ్గితే ఆ హద్దు 9 డిగ్రీల చిల్లరకు పడిపోతుంది. ఆరు అడుగుల దూరానికి ఒక అడుగు లేచే ర్యాంపు వాలు సుమారు 9.5 డిగ్రీలు ఉంటుంది కాబట్టి, అలాంటి ర్యాంపును నిన్నటిదాకా తేలిగ్గా దాటిన కారే ఈరోజు రాసుకుంటుంది. ఫోనులోని లెవెల్ యాప్‌ను ర్యాంపు మీద పెట్టి మీ వాలు ఎంతో మీరే కొలుచుకోండి. దాన్ని పై హద్దుతో పోల్చేటప్పుడు, పక్క సీటులో మనిషి, డిక్కీలో సామాను ఉంటే కారు మరికొంత దిగుతుందని గుర్తుంచుకోండి.

స్పీడ్ బ్రేకర్ల సంగతి ఇంకా బాధాకరం. రోడ్ల ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 99వ సంఖ్య మార్గదర్శకాల ప్రకారం, వాహనాలు గంటకు 25 కి.మీ. వేగంతో దాటేందుకు ఉద్దేశించిన గుండ్రటి హంప్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి. ఆ కొలతలతో కట్టిన హంప్ మీద మీ కారు ముందు, వెనుక చక్రాల మధ్య ఉబ్బు దాదాపు 45 మి.మీ. మాత్రమే ఉంటుంది కనుక, 100 మి.మీ. ఖాళీ ఉన్న కారు కూడా నెమ్మదిగా వెళితే క్షేమంగా దాటుతుంది. కాలనీవాళ్లు మేస్త్రిని పిలిచి ఒక్క పూటలో కట్టించిన దిబ్బ అలా ఉండదు. 40 సెం.మీ. వెడల్పు, 12 సెం.మీ. ఎత్తు ఉన్న దిబ్బను ముందు చక్రాలు దిగిపోయి, వెనుక చక్రాలు ఇంకా ఎక్కని క్షణంలో, దాని పూర్తి ఎత్తూ మీ కారు నడుము కిందే ఉంటుంది. 12 సెం.మీ. దిబ్బ 10 సెం.మీ. ఖాళీలోంచి ఎంత నెమ్మదిగా వెళ్లినా దూరదు. క్రాస్‌గా వెళ్లినా, వీధి వెడల్పు ఇచ్చే కోణంలో ఏదో ఒక క్షణాన నాలుగు చక్రాలూ నేల మీదే ఉండి, దిబ్బ మాత్రం నడుము కిందికి వస్తుంది. అందుకే మీకు ఫలితం కనబడలేదు.

ఇక చేయవలసినవి. స్పీడ్ బ్రేకర్ విషయంలో కాలనీ సంఘంతో మాట్లాడి, ఆ దిబ్బను తవ్వించమని కాకుండా, ఎత్తు తగ్గించి అటూ ఇటూ తారు పోయించి పైన చెప్పిన కొలతకు తెప్పించమని అడగండి. స్కూటర్ మీద వెళ్లే ముసలివారికీ, గర్భిణులకూ, అంబులెన్సులో పడుకున్న రోగికీ ఆ ఇరుకు దిబ్బ మీ కారుకంటే ఎక్కువ హాని చేస్తోంది కాబట్టి, ఇది ఖరీదైన కారు యజమాని సొంత గోడుగా కాక అందరి కోరికగానే వినిపించాలి. సెల్లార్ ర్యాంపు నోట వాన నీరు లోపలికి దిగకుండా కట్టిన గట్టు ఉంటే దాన్ని మాత్రం చెక్కించవద్దు, ఒక్క పెద్ద వానకు సెల్లార్ నిండిపోతుంది. గట్టు ఎత్తు అలాగే ఉంచి, దానికి అటూ ఇటూ కాంక్రీటు నింపి వాలును సాగదీస్తే, ఒక్కచోట వంగిన తొమ్మిదిన్నర డిగ్రీలు రెండు చిన్న వంపులుగా విడిపోతాయి.

స్ప్రింగుల గురించి నా అభిప్రాయం దాచను. పోగొట్టుకున్న 30 మి.మీ.లో కనీసం సగమైనా మీరు వెనక్కి తెచ్చుకోవాలి. కేమన్‌లో ఇంజిన్ మధ్యలోనూ రేడియేటర్లు ముందు బంపర్ లోపలా ఉంటాయి కాబట్టి, రెంటినీ కలిపే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) గొట్టాలు కారు అడుగునుంచే వెళతాయి. వాటిని కప్పి ఉంచే ప్లాస్టిక్ పలకలు రోజూ అరిగి ఊడిపోతే తర్వాతి దెబ్బ ఆ గొట్టాలకే తగలవచ్చు. వెంటనే కారును లిఫ్ట్ మీద పెట్టించి పలకలు, క్లిప్పులు, గొట్టాలు చూపించుకోండి. ఎత్తు సవరించుకునే కాయిలోవర్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే సెట్లు) వేయిస్తే 15 మి.మీ. పైకి తెచ్చుకోవచ్చు, లేదా పాత స్ప్రింగులే మళ్లీ వేయించుకోవచ్చు. ఎత్తు మారిన ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, లేకుంటే టైర్లు లోపలి అంచున తొందరగా అరిగిపోతాయి. హెడ్‌లైట్ల కోణమూ సరిచేయించాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదంటోంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ. 5,000 జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ఏ భాగం మార్చే ముందైనా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. తెలియజేయని మార్పు క్లెయిమ్ సమయంలో అడ్డు తగులుతుంది.

ప్రశ్న: నా బి.ఎం.డబ్ల్యు. జెడ్4 ముందు బంపర్ కింది అంచు నిండా గీతలు పడ్డాయి. బీమాలో బాగు చేయించుకోనా? మళ్లీ పడకుండా రబ్బరు పట్టీ అంటిస్తే చాలా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: గీతలు బంపర్ అడుగునే ఉండి, నిలబడి చూస్తే కనబడనివైతే వాటిని వదిలేయండి. అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం వరకు దక్కే నో క్లెయిమ్ బోనస్, దానికి విడిగా రక్షణ తీసుకోకపోతే, ఒక్క చిన్న క్లెయిమ్‌తో సున్నా అవుతుంది. కాబట్టి పెయింటింగ్ ఖర్చును, పోయే బోనస్‌ను పక్కపక్కన రాసుకుని చూడండి. పగులు ఉంటే మాత్రం ఆలస్యం చేయవద్దు. పగిలిన అంచు తర్వాతి రాపిడికి పట్టుకుని బంపర్‌నే లాగేస్తుంది.

పట్టీ వేయించుకోవచ్చు, అయితే దాని మందం మేరకు నేలకు ఖాళీ తగ్గుతుంది. అరిగితే మార్చుకునే పలుచటి పట్టీ మంచిది. మీకు తగులుతున్నది ముక్కు గనుక క్రాస్‌గా వెళ్లే ఉపాయం మీకు పనిచేస్తుంది: వాలు మొదలయ్యే పాదం దగ్గర ఒక ముందు చక్రం ముందుగా ఎక్కేలా కోణంగా పోనిస్తే, బంపర్ నేలను తాకేలోపే కారు ఆ మూల పైకి లేస్తుంది. ఎదుటివారి దారికి అడ్డం రాకుండా చూసుకోండి. మరొక తప్పు చాలామంది చేస్తారు. బ్రేకు మీద కాలు ఉంచుకునే దిబ్బ ఎక్కుతారు. బ్రేకు పడినప్పుడు ముక్కు కిందికి వంగుతుంది. వేగం ముందే తగ్గించుకుని, ఎక్కే క్షణానికి కాలు తీసేయాలి.

ప్రశ్న: ఇక్కడ నా మాజ్దా ఎం.ఎక్స్-5ను కొద్దిగా దించుకున్నాను. దుకాణాల పార్కింగ్‌లో రెండుసార్లు బంపర్ ఊడింది. చలికాలంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: బంపర్ ఊడింది ముందుకు వెళ్లినప్పుడు కాదు, వెనక్కి తీసినప్పుడు అయి ఉంటుంది. పార్కింగ్ గడి చివరనున్న కాంక్రీటు దిమ్మె సాధారణంగా 4 నుంచి 6 అంగుళాలుంటుంది. ముక్కు దాని మీదుగా జారిపోయి, రివర్స్ చేసేటప్పుడు అంచు తట్టుకుంటుంది. గడిలోకి కారును రివర్స్‌లో పెట్టండి, లేదా దిమ్మెకు మూడడుగుల ముందే ఆపండి. ఇప్పటికే దిమ్మె మీదికి వెళ్లిపోతే లాగవద్దు. దిగి చూసి, ముందు చక్రాల వెనుక చెక్క ముక్కలు పెట్టి, వాటి మీదికి ఎక్కించి ముక్కును లేపి తీయండి.

మంచు తోసే బండి మీ ఇంటి దారికి అడ్డంగా వదిలిన గుట్ట, రాత్రి గడ్డకడితే రాయితో సమానం. దాన్ని పారతో తీసేదాకా కారు కదపవద్దు. డిక్కీలో రెండు చెక్క పలకలు, తక్కువ ఎత్తులో దూరే జాకీ ఎప్పుడూ ఉంచుకోండి. టైరు దిగిపోయినప్పుడు మామూలు జాకీ మీ కారు కిందికి దూరదు.