లారీ కంటే ముందు సమాచారం చేరాలి

చిరంజీవికి ఆశీస్సులు.

తల్లీ, నాలుగైదు ట్రాన్స్‌పోర్టు సంస్థల సరుకును ఊరి అంచున ఒకే చోట దించి, చిన్న బండ్లలోకి మార్చి లోపలికి పంపే కేంద్రాన్ని నువ్వు నడపబోతున్నావని తెలిసింది. చాలా మంచి పని. సగం ఖాళీగా తిరిగే బండ్లను ఇరుకు వీధుల్లోంచి తప్పించే మార్గం ఇది. అయితే ఇలాంటి చోట సమయం తినేది బరువులు మోయడం కాదు. వచ్చిన లారీలో ఏముందో, అది ఏ బండిలోకి వెళ్లాలో, ఆ బండి ఎక్కడుందో తెలియకపోవడం. లారీ తలుపు తెరిచాక చలానాలు తిరగేస్తున్నారంటే ఆ లారీ ఆలస్యం ఖాయమైపోయినట్టే. నేను రాసేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: లారీ కంటే ముందు దాని సమాచారం నీకు చేరాలి.

సాఫ్ట్‌వేర్ కొనడానికి తొందరపడకు. ముందు ఒక వారం గడియారం పట్టుకుని డాక్ దగ్గర, అంటే లారీ ఆనించి సరుకు దించే అరుగు దగ్గర, మనుషుల్ని నిలబెట్టు. ప్రతి బండికీ ఆరు సమయాలు రాయించు: గేటు లోపలికి వచ్చింది, డాక్‌కు ఆనింది, మొదటి డబ్బా దిగింది, చివరి డబ్బా దిగింది, కాగితాల మీద సంతకం అయింది, గేటు దాటింది. గేటుకీ డాక్‌కీ మధ్య, చివరి డబ్బాకీ సంతకానికీ మధ్య ఎంత పోతోందో జాగ్రత్తగా చూడు. సాధారణంగా కొండంత ఆలస్యం ఆ రెండు చోట్లే కూర్చుని ఉంటుంది. రేపు కంప్యూటర్ పెట్టాక ఏం మెరుగైందో తేల్చాలన్నా ఈ లెక్కే ఆధారం.

తర్వాత వచ్చేది అసలైన చిక్కు. సంస్థలు సమాచారం ఇవ్వవు. మొండితనం వల్ల కాదు, తమ ఖాతాదారుల పేర్లు పోటీవాళ్లకు తెలిసిపోతాయన్న భయం వల్ల. ఆ భయం న్యాయమైనదే, దాన్ని గౌరవించి మొదలుపెట్టు. బదిలీకి నిజంగా కావాల్సినవి కొన్నే: డబ్బా లేదా ప్యాలెట్ (డబ్బాలు పేర్చే పలక) నంబరు, ఎన్ని నగాలు (విడి కట్టలు), బరువు, పొడవు వెడల్పు ఎత్తు, ఎలా పట్టుకోవాలి (పగిలేదా, నిలువుగా ఉంచాలా, చల్లగా ఉంచాలా), ఏ ప్రాంతానికి, ఏ వేళల మధ్య అప్పగించాలి. సరుకు విలువ, కిరాయి, పంపినవారి పేరు నీ తెరమీదకే రాకూడదు. పూర్తి చిరునామా చివరి బండి డ్రైవరుకు మాత్రం కనిపించాలి, మిగతావారికి ప్రాంతం కోడ్ చాలు. ఎవరు ఏది చూడొచ్చు, ఎన్నాళ్లు దాచాలి, ఒక సంస్థ తప్పుకుంటే దాని సమాచారం ఏమవుతుంది అన్నవి ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. కేంద్రం నడిపేవారు ఖాతాదారుల కోసం పోటీ పడకూడదు. ఇటలీలోని పాడువాలో 2004 నుంచి నడిచిన సిటీపోర్టో గురించి చదువు. పోటీ సంస్థలు తమ సరుకును అక్కడ అప్పగించడానికి ఒప్పుకున్నాయంటే, నడిపేవారు ఎవరి పక్షమూ కాకపోవడం పెద్ద కారణం.

నంబరు విషయంలో సొంత తెలివి వద్దు. ఒక్కో సంస్థ ఒక్కో పద్ధతిలో నంబరు వేస్తే నీ దగ్గర మళ్లీ లేబుల్ అంటించాల్సి వస్తుంది. అది దండగ పని, పైగా తప్పులకు పుట్టిల్లు. బార్‌కోడ్ ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ జీఎస్‌1 వారి ఎస్‌ఎస్‌సీసీ వాడించు. ఒక్కో డబ్బాకో ప్యాలెట్‌కో ఇచ్చే ప్రత్యేక నంబరు అది. మొత్తం 18 అంకెలు. మొదటిది సంస్థ తన ఇష్టప్రకారం వేసుకునేది, తర్వాతి 16లో సంస్థ కోడ్, వరుస సంఖ్య కలిసి ఉంటాయి, చివరిది సరిచూసే అంకె. మొదటి 17 అంకెల్ని ఎడమనుంచి 3తో, 1తో, మళ్లీ 3తో ఇలా మార్చి మార్చి గుణించి కూడితే, ఆ మొత్తాన్ని పై పదికి చేర్చడానికి ఎంత కావాలో అదే చివరి అంకె. చేత్తో కొట్టేటప్పుడు ఒక అంకె తప్పితే ఇది తప్పకుండా పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా చాలావరకు దొరుకుతుంది. కానీ వాటి మధ్య తేడా 5 అయితే, అంటే 61 బదులు 16 పడితే, దొరకదు. అందుకే కీబోర్డు చివరి దారిగానే ఉండాలి, స్కానరే రాజమార్గం. ఒకసారి వాడిన నంబరును కనీసం ఏడాదిదాకా మళ్లీ వాడకూడదని సరుకు కట్టేవారికి గట్టిగా చెప్పు.

లేబుల్ అంటే చిన్న విషయమని వదిలేస్తారు, స్కాన్ కానిదంతా అక్కడే మొదలవుతుంది. కాగితం 105 × 148 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. బార్‌కోడ్ గీతల ఎత్తు 32 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గీతలకు రెండువైపులా అతి సన్నని గీతకు పదిరెట్ల తెల్లటి ఖాళీ వదలాలి. ప్యాలెట్ మీద బార్‌కోడ్ అడుగునుంచి 400, 800 మిల్లీమీటర్ల మధ్య, నిలువు అంచుకు కనీసం 50 మిల్లీమీటర్ల లోపలికి ఉండాలి. మూలన మడత పెట్టి అంటిస్తే స్కానర్‌కు సగం గీతలే కనిపిస్తాయి. చుట్టిన ప్లాస్టిక్ పొర కింద అంటిస్తే మెరుపు కొడుతుంది, పొర పైనే అంటించాలి. ప్రింటర్ తలలో ఒక్క చుక్క కాలిపోయినా కాగితం కదిలే దిశలో సన్నని తెల్లటి చార పడుతుంది. గీతలు కూడా అదే దిశలో ఉంటే ఆ చార ఒక గీతను సన్నబరిచి నంబరును చదవనివ్వదు. కంటికి లేబుల్ శుభ్రంగానే కనిపిస్తుంది కాబట్టి తప్పంతా స్కానర్ మీదకు నెడతారు. వారానికోసారి ప్రింటర్ తల తుడిపించు, రోజూ మొదటి లేబుల్‌ను స్కాన్ చేసి చూపించమను.

ముందస్తు సమాచారం ఎప్పుడు రావాలన్నది ఒప్పందంలో పెట్టు. లోడింగ్ ముగిసి తలుపు మూసిన క్షణాన రావాలి. ముందురోజు రాత్రి పంపేది ఆశ మాత్రమే, చివరి నిమిషంలో రెండు ప్యాలెట్లు మిగిలిపోతాయి, లెక్క తప్పుతుంది. దారిలో లారీ ఎక్కడుందో తెలుసుకోవడానికి మ్యాపు మీద కేంద్రం చుట్టూ గీసిన రెండు వలయాలు చాలు, లారీ వాటిని దాటగానే నీకు తెలుస్తుంది: ఐదు కిలోమీటర్ల దూరంలో ఒకటి, గేటుకు రెండువందల మీటర్లలో ఒకటి. దూరంలో ఉన్నప్పుడు ఐదు నిమిషాలకోసారి, దగ్గరపడ్డాక నిమిషానికోసారి స్థానం వస్తే చాలు. ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ పదుల మీటర్లు పక్కకు చూపిస్తుంది, రేకుల షెడ్డు కింద అసలే అందదు. కాబట్టి లారీ వచ్చిందనడానికి గేటు దగ్గర స్కానే సాక్ష్యం. ఇంకోటి, డ్రైవర్ల ఫోన్లలో బ్యాటరీ పొదుపు సెట్టింగు స్థానం పంపే మన యాప్‌ను చప్పుడు లేకుండా ఆపేస్తుంది. లారీ గంటసేపు ఒకేచోట నిలిచినట్టు తెర చూపిస్తే డ్రైవరును తప్పుపట్టే ముందు ఆ సెట్టింగు చూడు.

డాక్ స్లాట్లు (లారీలకు కేటాయించే వేళలు) పూర్తిగా నింపాలని చూడకు, అందరూ చేసే పెద్ద పొరపాటు అదే. ఒకే డాక్, ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే లారీలు, ఒక్కోదానికి ఒక్కోలా పట్టే అన్‌లోడింగ్ అనుకుని క్యూ సిద్ధాంతం ప్రకారం లెక్కకట్టు. డాక్ 80 శాతం బిజీగా ఉంటే సగటు నిరీక్షణ ఒక అన్‌లోడింగ్ సమయానికి నాలుగు రెట్లు. 90 శాతానికి పెంచావా, తొమ్మిది రెట్లు. లారీలు చెప్పిన వేళకు వచ్చి, లోపలేముందో ముందే తెలిస్తే ఈ నిరీక్షణ బాగా తగ్గుతుంది, అయినా డాక్ నిండేకొద్దీ నిరీక్షణ ఎగబాకే తీరు మాత్రం మారదు. ఉదాహరణకు దించడానికి 40 నిమిషాలు, బండి పెట్టడానికీ తీయడానికీ 10 అయితే పదిగంటల్లో 12 లారీలు పడతాయి. నువ్వు తొమ్మిదింటికే స్లాట్ ఇవ్వు. పావుగంట వరకు ఆలస్యాన్ని మన్నించు. అది దాటితే వరుస చివరికి తోసేయకుండా తర్వాత దొరికే ఖాళీలో పెట్టు. శిక్ష వేస్తే మర్నాటినుంచి అబద్ధపు వేళలు చెప్పడం మొదలుపెడతారు.

స్కాన్‌లు మూడే: దిగినప్పుడు, చిన్న బండిలోకి ఎక్కినప్పుడు, చేతికి అప్పగించినప్పుడు. అంతకు మించి పెడితే హమాలీలు విసిగిపోయి దొంగదారి వెతుకుతారు. బార్‌కోడ్‌లన్నీ ఒక కాగితం మీద ముద్రించుకుని బల్ల దగ్గర కూర్చుని గీకేస్తారు. ఇరవై సెకన్లలో నలభై డబ్బాలు దిగినట్టు నమోదైతే అదే జరిగిందని తెలుసుకో. నెట్‌వర్క్ పోయినా స్కానర్ తనలో దాచుకుని తర్వాత పంపాలి. ప్రతి స్కాన్‌కూ వేరే గుర్తింపు సంఖ్య ఉండాలి, లేకపోతే మళ్లీ పంపినప్పుడు ఒకే డబ్బా రెండుసార్లు లెక్కకొస్తుంది. స్కానర్ చూపిన సమయం, సర్వరుకు చేరిన సమయం రెండూ దాచు. జాబితాలో లేని డబ్బా వస్తే లారీని ఆపకు. దాన్ని పసుపు గీసిన గడిలో పెట్టించి, ఫొటోతో పంపిన సంస్థకు ఆ క్షణమే తెలియజేయి.

చిన్న బండిలోకి జత కలిపేటప్పుడు బరువు కంటే ముందు జాగా అయిపోతుంది. చక్రాల పైకప్పులు, మూలలు పోను, కొలిచిన ఘనపరిమాణంలో 80 శాతానికి మించి కాగితం మీద నింపకు. చివర దిగాల్సింది మొదట ఎక్కాలి, ఆ వరుసను యాప్ చూపించాలి.

ఒక్క ఖాతాదారుకే నిండుగా వెళ్లే లారీని నీ దగ్గర దించనివ్వకు, నేరుగా పోనివ్వు. నీ కేంద్రం ప్రతి డబ్బాకూ అదనంగా ఒక దింపుడు, ఒక ఎక్కింపు జోడిస్తుంది. ఊళ్లో ప్రయాణం తగ్గి ఆదా అయ్యేది ఆ ఖర్చును మించాలి. యూరప్‌లో ఇలాంటి కేంద్రాలు చాలా ప్రభుత్వ సాయం ఆగగానే మూతపడ్డాయి, ఈ లెక్క కుదరకనే.

రెండు సంస్థలతో, ఒకే డాక్‌తో నాలుగు వారాలు నడుపు. పాత చలానా పుస్తకం మొదటి రెండు వారాలే పక్కన ఉండాలి, ఆ తర్వాత తీసేయి. రెండూ ఉన్నంతకాలం జనం పుస్తకాన్నే నమ్ముతారు. రోజూ రెండంకెలు చూడు: లారీ కంటే ముందు సమాచారం చేరిన డబ్బాలు వందకు ఎన్ని, పదింటిలో తొమ్మిది లారీలు ఎన్ని నిమిషాల్లోపు బయటపడ్డాయి. సగటును నమ్ముకోకు, మధ్యాహ్నందాకా ఇరుక్కుపోయిన లారీ అందులో కనబడదు.

సర్వర్ ఆగిపోయే రోజు కూడా వస్తుంది. గంటకోసారి స్లాట్ల పట్టిక, లోపల మిగిలిన డబ్బాల జాబితా దానంతటదే ప్రింటయ్యేలా పెట్టించు. ఆ కాగితం డాక్ మేస్త్రీ చేతికే వెళ్లాలి.

ఆశీస్సులతో,
బాబాయి