ముందు నిశ్శబ్దానికి పద్దు రాయి

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

నీ ప్లానూ, ఖర్చుల పట్టికా రెండూ చదివాను. తెరలకు పద్దు ఉంది, ప్రొజెక్టర్లకు ఉంది, ప్రారంభోత్సవం రోజు టీ బిస్కెట్లకు కూడా ఉంది. నిశ్శబ్దానికి లేదు. గుసగుసలూ, కుంచె రాపిడీ, కాగితం మడత చప్పుడూ వినిపించి ఒళ్ళు హాయిగా జలదరింపజేయాలనుకునే ఏఎస్‌ఎంఆర్ ప్రదర్శనలో మొట్టమొదట కొనాల్సిన సరుకు అదే. అది ఊరికే దొరకదు, చవగ్గానూ దొరకదు.

ముందు గోడ మీద రాసే పరిచయం సంగతి. ఏఎస్‌ఎంఆర్ (అటానమస్ సెన్సరీ మెరిడియన్ రెస్పాన్స్) అన్న పేరు 2010లో జెనిఫర్ అలెన్ పెట్టింది. డాక్టర్ల మాటలా వినిపిస్తుంది గానీ వైద్యశాస్త్రంలోంచి వచ్చిన మాట కాదు. మాడు మీద మొదలై, మెడ వెనక నుంచి వెన్ను వెంట దిగే ఆ జలదరింపును మనవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడానికి పేజీలు అక్కర్లేదు. ఎవరైనా తలలో పేలు చూస్తుంటే కళ్ళు వాటంతటవే మూతలు పడతాయే, ఆ హాయికి దగ్గరి చుట్టం అని రాయి, చాలు. అందరికీ కలగదని కూడా అక్కడే రాయి. లేకపోతే ఏమీ అనిపించనివాళ్ళు లోపం తమదేమోననుకుని చిన్నబుచ్చుకుని బయటికొస్తారు. షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ అనుభూతి కలిగేవాళ్ళకు ఇలాంటి శబ్దాల వీడియోలు చూస్తున్నప్పుడు గుండె వేగం నిమిషానికి సగటున 3 సార్లకు పైగా తగ్గింది. అంతవరకు రాయొచ్చు. ‘ఒత్తిడి మాయం, నిద్ర ఖాయం’ లాంటివి మాత్రం వద్దు, అది మందులమ్మేవాళ్ళ భాష.

నువ్వు పంపిన ఫొటోల్లో ఆ పొడవాటి దిండు ఉంది కదా. జేమ్స్ టేలర్-ఫాస్టర్ క్యూరేటర్‌గా స్టాక్‌హోమ్‌లోని ఆర్క్‌డెస్ అనే ఆర్కిటెక్చర్, డిజైన్ మ్యూజియంలో 2020లో, ఆ తర్వాత లండన్ డిజైన్ మ్యూజియంలో 2022లో పెట్టిన ఏఎస్‌ఎంఆర్ ప్రదర్శనది అది. ఏటర్ అనే ఆర్కిటెక్టుల బృందం కిలోమీటరు పొడవున్న దిండును మెలికలు తిప్పి పరిచింది. చూసినవాళ్ళంతా దాన్ని అలంకారం అనుకుని కాపీ కొడుతున్నారు. అది అలంకారం కాదు, పనిముట్టు. గదిలో ప్రతిధ్వనిని పీల్చేస్తుంది, వచ్చిన మనిషిని పడుకోబెడుతుంది. నిలబడి వినేవాడు రెండు నిమిషాలకోసారి కాలు మార్చుకుంటాడు, ఫోన్ తీస్తాడు. వాడి చెవికి ఏ శబ్దమూ చేరదు.

ఇప్పుడు గది. ఏ-వెయిటింగ్ (మనిషి చెవికి వినపడే తీరులో కొలిచేది), స్లో (అంకె గబగబా ఊగకుండా చూపేది) సెట్టింగులున్న సౌండ్ లెవెల్ మీటరు అద్దెకు తెచ్చి ఉదయం 11కి, సాయంత్రం 5కి, మూసేశాక ఒకసారి కొలువు. ఏసీ వేసి కొన్ని, ఆపి కొన్ని. ఫోన్ యాప్‌లను నమ్మకు. 30 డెసిబెల్స్ కిందకి దిగేసరికి అవి ఫోన్ మైకు సొంత రొదనే కొలుస్తుంటాయి. మీటరు దూరంలో గుసగుస సుమారు 30 డెసిబెల్స్ ఉంటుంది. గది అంతకంటే బాగా కిందుంటేనే హెడ్‌ఫోన్లు లేకుండా వినిపించే సాహసం చెయ్యి. 35 వరకు హెడ్‌ఫోన్లతో నెట్టుకురావచ్చు. 40 దాటిందంటే గది మార్చు, దానికి డబ్బు పెట్టకు. హైదరాబాద్‌లో రోడ్డువైపు కిటికీలున్న హాలుకి ఎంత అద్దె తగ్గించినా ఒప్పుకోకు. హారన్లు ఆపే పరదా ఇంకా పుట్టలేదు. పరదా లోపలి ప్రతిధ్వనిని కొంత పీలుస్తుందే గాని బయటి మోతను ఆపదు. ఆపేది బరువూ, సందులు లేకపోవడమూ. తలుపు కింద వేలెడు సందుంటే గోడ ఎంత మందమైనా దండగే. అంచుల చుట్టూ రబ్బరు, కింద డ్రాప్ సీల్ (తలుపు మూయగానే దిగి సందు మూసే పట్టీ) వేయించు. రెండు తలుపుల మధ్య రెండు మీటర్ల చీకటి నడవా ఉంచు. ఆ నడవాలోనే చెప్పులు విప్పించు, మనవాళ్ళకి అది వింత కాదు. కళ్ళు కూడా అక్కడే మసకకు అలవాటు పడడం మొదలుపెడతాయి.

స్ప్లిట్ ఏసీ లోపలి యూనిట్ నెమ్మదిగా తిరిగినా నీ గుసగుసంత చప్పుడు చేస్తుంది, పూర్తి వేగంలో దాన్ని మింగేస్తుంది. లోపల మెత్తటి అస్తరు ఉన్న వెడల్పాటి డక్టుతో గాలిని నెమ్మదిగా వదిలితే మంచిది. అంత స్తోమత లేకపోతే ఒక బృందం వెళ్ళి ఇంకో బృందం వచ్చే లోపు గదిని గట్టిగా చల్లబరిచి, 15 నిమిషాల ఆట నడుస్తున్నంతసేపు ఫ్యాన్ వేగం అట్టడుగున పెట్టు. పన్నెండు మందికి మించి పంపకు, చల్లదనం నిలవదు. ప్రొజెక్టరును గదిలో పెట్టనే వద్దు. గోడ అవతల పెట్టి అద్దంలోంచి వెయ్యి, వేడి పోయే దారి మాత్రం మర్చిపోకు. చవక డిమ్మర్లతో ఎల్‌ఈడీలు తగ్గిస్తే సన్నగా జుయ్యిమంటాయి, కొనే ముందు చెవి దగ్గర పెట్టుకుని విను.

ప్రతిధ్వనికి చిన్న లెక్క చాలు. 6 మీటర్ల పొడవు, 5 వెడల్పు, 3 ఎత్తున్న నీ గది 90 ఘనపు మీటర్లు. సున్నం, గచ్చు తప్ప ఏమీ లేకపోతే శబ్దం చావడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. నీకు కావాల్సింది 0.3 సెకను. ఈ లెక్కలో వాడే స్థిరమైన అంకె 0.161ను 90తో గుణించి 0.3తో భాగిస్తే 48 చిల్లర. అంటే 48 చదరపు మీటర్ల మేర పూర్తిగా పీల్చే ఉపరితలం. 50 మిల్లీమీటర్ల మందమున్న రాక్‌వుల్ (రాతి పీచు) పలకలు గొంతు స్థాయి శబ్దాల్లో పదింట ఎనిమిది తొమ్మిది పాళ్ళు పీలుస్తాయి కాబట్టి 55 నుంచి 60 చదరపు మీటర్లు పట్టాలి. కప్పు మొత్తం 30, మిగతాది గోడల మీద. గోడకీ పలకకీ మధ్య 50 మిల్లీమీటర్లు ఖాళీ వదిలితే బరువైన శబ్దాలు కూడా లొంగుతాయి. దిండ్లు పరిచాక గోడల వాటా కొంత తగ్గించుకోవచ్చు. నుసి రాలకుండా పలకల మీద బట్ట బిగించాలి, ఆ బట్ట మంటలు తట్టుకునేది అయ్యుండాలి. గుడ్ల అట్టలా ఉండే ఫోమ్ షీట్లు చవగ్గా వస్తాయని ఎవడో ఒకడు తప్పకుండా చెబుతాడు. మూసిన గదిలో, చీకట్లో, అది అంటుకుంటే నల్లటి విషపు పొగ. వద్దంటే వద్దు.

దిండ్ల విషయంలో అందరూ చేసే తప్పు బీన్ బ్యాగులు. లోపలి థర్మోకోల్ గుళ్ళు కదిలిన ప్రతిసారీ గరగరమంటాయి, పక్కవాడి గుసగుస అంతా ఆ గరగరలో పోతుంది. పాలిస్టర్ తొడుగులూ అంతే, బట్టకి బట్ట రాసుకుని కీచుమంటుంది. 40 డెన్సిటీ ఫోమ్, దాని మీద పల్చటి దూది పొర, నూలు అల్లిక తొడుగు బావుంటాయి. తొడుగులు మూడు జతలు: ఒకటి వాడకంలో, ఒకటి చాకలి దగ్గర, ఒకటి బీరువాలో. కిందకి దిగలేని పెద్దవాళ్ళకు 45 సెంటీమీటర్ల ఎత్తు, చేతుల ఆనింపు ఉన్న కుర్చీలు రెండైనా వేయాలి. చక్రాల కుర్చీ తిరగడానికి మీటరున్నర చోటు వదలాలి.

హెడ్‌ఫోన్లు. చెవి చుట్టూ కూర్చునే, వెనక మూసి ఉండేవి తీసుకో. తెరిచి ఉండేవి సొంపుగా వినిపిస్తాయి నిజమే, కానీ పక్క మనిషికి కూడా వినిపిస్తాయి. వెల్వెట్ కుషన్లు వద్దు. మన తలలకు కొబ్బరినూనె ఉంటుంది, వారానికల్లా అవి జిడ్డోడుతాయి. లెదరెట్ కుషన్లే తీసుకుని, ఆల్కహాల్‌తో కాకుండా కొద్దిగా సబ్బునీళ్ళు అద్ది పిండిన గుడ్డతో తుడిపించు. ఆల్కహాల్‌కి ఆ తొడుగు త్వరగా పెళుసెక్కి రాలుతుంది. కుడివైపు ఎర్ర టేపు అంటించు. కుడి ఎడమలు మారితే తెర మీద కుంచె ఒకవైపు, చెవిలో ఇంకోవైపు కదులుతుంది, అక్కడితో మాయ పోయినట్టే. వైర్లు తెగేది జాక్ దగ్గరే, అక్కడ లాగుడు పడకుండా బల్లకి క్లిప్ వెయ్యి. నాలుగింటికి ఒకటి చొప్పున అదనంగా ఉంచు. వాల్యూమ్ చక్రం సందర్శకుడి చేతికి ఇవ్వకు. ఎంత పెద్ద చప్పుడొచ్చినా 65 డెసిబెల్స్ దాటకుండా ఆపే లిమిటర్ పెట్టు.

ఇక రికార్డింగు, ఇక్కడ కొంచెం ఆగి చదువు. మైకు కొనేటప్పుడు సెల్ఫ్ నాయిస్, అంటే మైకు తనంతట తాను చేసే రొద, అంకె చూడు. 5, 6 డెసిబెల్స్ అయితే బంగారం. 15 దాటితే గుసగుస కోసం గెయిన్ (మైకు నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే మీట) పెంచగానే వాన పడుతున్నట్టు సోయ్‌మంటుంది. కాలర్ మైకులు ఈ పనికి రావు. చెవుల మధ్య దూరమంత, అంటే 17, 18 సెంటీమీటర్ల ఎడంగా రెండు మైకులు పెట్టి, వాటికి సిలికాన్ చెవి డొప్పలు తగిలిస్తే శబ్దం తల చుట్టూ తిరుగుతుంది. నోటికి 10 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, ఎదురుగా కాకుండా కాస్త ఓరగా. లేకపోతే ప, బ దగ్గర గాలి దెబ్బ, స, శ దగ్గర సూది పోటు. రికార్డరు సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్; దాని మీటరులో పతాక స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. ఫ్రిజ్ ప్లగ్గు పీకి, రాత్రి రెండు తర్వాత రికార్డు చెయ్యి. గది సొంత రొద అర నిమిషం విడిగా పట్టుకో, అతుకుల దగ్గర పనికొస్తుంది. రొద తీసేసే సాఫ్ట్‌వేర్‌తో రుద్దేయకు. 8 కిలోహెర్ట్జ్ పైన ఉండే సన్నటి గాలే చెవిలో దగ్గరితనాన్ని తెస్తుంది, ముందు పోయేది అదే, మిగిలేది నీళ్ళలో మాట్లాడుతున్నట్టుండే గొంతు.

తెలుగు గుసగుసకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. గుసగుసలో స్వరతంత్రులు మోగవు కాబట్టి క, గ ఒకటైపోతాయి, ప, బ కూడా. ‘గాలి’ అంటే ‘కాలి’ అని వినపడొచ్చు, ‘బాట’ ‘పాట’ అవుతుంది. మాటలు చాలావరకు అచ్చులతో ముగిసే భాష కాబట్టి చివరి అచ్చు ఊపిరిలో కలిసిపోయి మాట తెగినట్టుంటుంది. అందుకని మామూలు మాటలో సగం వేగంతో చదివించు. ఇలాంటి జంటలకు సందర్భం తోడుండేలా వాక్యాలు రాయి. సందర్భం కుదరకపోతే ఆ మాటే మార్చెయ్యి.

శబ్దాల ఎంపికలో విదేశీ వీడియోల సబ్బుముక్కల వెంట పడకు. చేటలో బియ్యం చెరగడం, విస్తరాకు కుట్టే పుల్ల విరగడం, ఏటికొప్పాకలో తిరిగే అంకుడు కర్ర మీద లక్క కరుగుతూ రాసుకునే చప్పుడు, పెడనలో కలంకారీ అచ్చు మీద పడే పిడికిలి దెబ్బ: వీటికి తోడు ఒక కొత్త శబ్దం వెయ్యి. బియ్యం దుమ్ము మైకు పొర మీద పడితే మైకు పాడవ్వచ్చు, అడుగు దూరంలో పక్కగా పెట్టు. చేత్తో ముట్టుకునే బల్ల పెడితే అడుగున పీజో మైకు (బల్ల కంపనాన్నే పట్టుకునే బిళ్ళ) అంటించి, కనీసం ఒక మెగాఓమ్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఉన్న ప్రీయాంప్‌కి (మైకు సిగ్నల్ పెంచే పెట్టెకి) కలుపు. మామూలు మిక్సర్‌లో గుచ్చితే రేకు డబ్బా మోతే వస్తుంది. వేలు కదలడానికీ చెవికి వినపడడానికీ మధ్య 10 మిల్లీసెకన్లు మించితే ఆ చెయ్యి తనది కాదేమో అనిపిస్తుంది. కాబట్టి కంప్యూటర్ చుట్టూ తిప్పకుండా నేరుగా వినిపించు. కుంచెలు వారంలో వంకరపోతాయి, కాగితాలు రోజులోనే మెత్తబడతాయి, వాటికి నెలవారీ పద్దు రాసుకో.

నమలడం, పెదవుల చప్పుడు కొందరికి ఒళ్ళు మండిస్తాయి. దాన్ని మిసోఫోనియా అంటారు, పట్టింపు కాదు, నిజంగానే భరించలేరు. వాటిని విడి మూలలో, ముందే బోర్డు పెట్టి ఉంచు. ప్రవేశం దగ్గర గొంతు లేని శబ్దాలే పెట్టు. అపరిచిత గొంతు చెవిలో గుసగుసలాడితే కుటుంబంతో వచ్చినవాళ్ళు ఇబ్బంది పడతారు. వినపడనివాళ్ళకు బల్ల కింద కంపన యంత్రం బిగించు, తెర మీద తెలుగులో క్యాప్షన్లు వెయ్యి. ‘సంగీతం’ అని కాదు, ‘మెత్తటి కుంచె, కుడి చెవి వెనక’ అని.

గాజులూ పట్టీలూ తీసెయ్యమని బోర్డు మాత్రం పెట్టకు. అది మర్యాద కాదు, ఎవరూ తియ్యరు కూడా. వాటినే నడవాలో మొదటి శబ్దంగా పెట్టెయ్యి.

ఆ మూడు వేళల మీటరు అంకెలూ, తలుపు ఫొటో ఒకటీ పంపు. అవి చూసేవరకు తెరల ఆర్డరుకు అడ్వాన్సు ఇవ్వకు. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

మీ పెదనాన్న