రోడ్డు మీద బాగుండే కిట్ కారు ట్రాక్ మీద ఎందుకు మొరాయిస్తుంది? ముందు ఎక్కడ చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. పాత మజ్దా ఎంఎక్స్-5 నుంచి 1.8 ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, చక్రాలు బిగించే హబ్‌లు తీసుకుని, కోవెంట్రీలో మీ ఇంటి గ్యారేజీలోనే లోటస్ సెవెన్ (తేలికైన పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) తరహా కారు కట్టారు. ఐవీఏ టెస్టు (ఇలా కట్టిన కార్లు రోడ్డెక్కే ముందు బ్రిటన్‌లో చేసే తనిఖీ) పాసైంది, రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. మాలరీ పార్క్ రేస్ ట్రాక్‌కి, ట్రాక్ డేకి (సొంత కారుని ట్రాక్ మీద నడిపే రోజుకి) తీసుకెళ్తే మాత్రం కొన్ని ల్యాపులయ్యాక జెరార్డ్స్ మలుపు చివర ఇంజన్ దగ్గుతోంది. బ్రేక్ పెడల్ అప్పుడప్పుడు లోపలికి వెళ్ళిపోతోంది. టెంపరేచర్ ముల్లు కూడా పైకి పోతోంది. ఫ్యూయెల్ పంపు, కాయిల్, ప్లగ్గులు ఇప్పటికే మార్చారు, తేడా లేదు. ఇక ఇంజెక్టర్లు మార్చాలా అని అడుగుతున్నారు.

మార్చకండి. ఆ ఇంజెక్టర్లు ఎంఎక్స్-5లో లక్షల కిలోమీటర్లు పని చేసినవే. మజ్దా వాళ్ళు చేసిన భాగాన్ని చివర అనుమానించండి, మీరు చేసినదాన్ని ముందు అనుమానించండి. పెట్రోలు ట్యాంకు, హోస్ పైపులు, ఎర్త్ వైర్లు, రేడియేటర్ బిగించిన తీరు, కురచ చేసిన ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), అంటే డోనర్ కారులో (భాగాలు తీసుకున్న పాత కారులో) లేనివీ మీ కారులో కొత్తగా వచ్చినవీ అన్నమాట. ఇంట్లో కట్టిన కార్ల రోగాలు ఎక్కువగా ఈ అతుకుల దగ్గరే ఉంటాయి. నేను లెస్టర్ పక్కన ఉంటాను, నా కారు కూడా ఇదే డోనర్‌తో కట్టింది. పాడక్‌లో (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోట) సాటివాళ్ళ కార్ల కింద దూరి చూసిన అనుభవంతో కూడా చెబుతున్నాను.

రోడ్డు మీద బయటపడనిది ట్రాక్ మీద ఎందుకు బయటపడుతుందో చిన్న లెక్క. మలుపులో పక్కకు లాగే త్వరణం 1 జీ (భూమ్యాకర్షణతో సమానం) అయితే ట్యాంకులో పెట్రోలు, సంప్‌లో ఆయిల్ మట్టం సరిగ్గా 45 డిగ్రీలు వాలిపోతుంది. రోడ్డు మీద కాస్త హుషారుగా తిప్పినా 0.3 జీ దాటడం అరుదు, అంటే 17 డిగ్రీల లోపే. పైగా రోడ్డు మలుపు రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. జెరార్డ్స్ అలా కాదు. సుమారు 180 డిగ్రీలు తిరిగే పొడవాటి కుడి మలుపు, చాలాసేపు అదే వాలులో ఉంచేస్తుంది. స్నెటర్టన్ ట్రాక్‌లో కోరమ్ మలుపు కూడా ఇదే బాపతు. ఐవీఏలో ఇన్‌స్పెక్టర్ చూసేది కారు రోడ్డు మీదికి పనికొస్తుందా లేదా అన్నదే, ఈ వాలు సంగతి ఆ టెస్టులో తేలదు.

అందుకే అన్నిటికంటే ముందు ఆయిల్ ప్రెషర్ సంగతి చెప్పండి. మీ ప్రశ్నలో అది లేదు, నాకు టెన్షన్ పెట్టింది అదే. సెవెన్ తరహా కారులో ఇంజన్ కిందికి కూర్చుంటుంది కాబట్టి నేలకి తగలకుండా సంప్ కోసి కురచ చేస్తారు. మీరూ చేసే ఉంటారు. లోపల అడ్డురేకులు లేకుండా కురచ చేస్తే, జెరార్డ్స్‌లో ఆయిలంతా ఎడమ గోడ ఎక్కి కూర్చుంటుంది, ఆయిల్‌ని పంపుకి అందించే పికప్ పైపు గాలి పీలుస్తుంది. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటుని నమ్ముకోవద్దు, ప్రెషర్ దాదాపు పోయాక గానీ అది వెలగదు. ప్రెషర్ గేజ్ పెట్టి, దాని ఎదురుగా చిన్న కెమెరా బిగించి, సెషన్ అవ్వగానే పాడక్‌లోనే వీడియో చూడండి. మలుపు మధ్యలో ముల్లు ఒక్కసారిగా పడి మళ్ళీ లేస్తుంటే ఇక ఆ రోజుకి ట్రాక్ బంద్. బేరింగులు పోవడానికి కొన్ని సెకన్లు చాలు. కీలు తలుపుల్లాంటి రేకులున్న బాఫిల్ సంప్ వేసుకున్నాకే మళ్ళీ వెళ్ళండి. ఆయిల్ ఎప్పుడూ డిప్‌స్టిక్ పై గీత దగ్గరే ఉంచండి.

ఇప్పుడు దగ్గు. మొదట తేల్చాల్సింది అది కరెంటు వల్లా, పెట్రోలు వల్లా అన్నది. దీనికి విడిభాగాలు అక్కర్లేదు, ఆర్‌పీఎం ముల్లుని చూస్తే చాలు. ఇగ్నిషన్ సప్లై తెగితే, చక్రాలు ఇంజన్‌ని ఇంకా తిప్పుతూనే ఉన్నా, చాలా సెటప్పుల్లో ముల్లు టక్కున సున్నాకి పడుతుంది. పెట్రోలు అందకపోతే ముల్లు కారు స్పీడుతోనే ఉంటుంది, బలం మాత్రం నీరసంగా జారిపోతుంది, రెండు మూడు దగ్గులు దగ్గి మళ్ళీ అందుకుంటుంది. మీరు రాసింది చూస్తే రెండో రకమే అనిపిస్తోంది. మలుపు మధ్యలో కాకుండా చివర రావడం కూడా అటే చూపిస్తోంది. ట్యాంకు దగ్గర పీల్చిన గాలి పైపు వెంట ఇంజన్ దాకా రావడానికి కొంత సమయం పడుతుంది, మీరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేది కూడా అక్కడే.

నా కారుకి ఒక ఫ్యాబ్రికేటర్ దగ్గర చేయించిన అల్యూమినియం ట్యాంకు ఉండేది. చూడ్డానికి ముచ్చటగా ఉండేది, లోపల మాత్రం ఒక్క అడ్డురేకు లేదు. సగం నీళ్ళున్న బిందెతో బస్సులో నిలబడ్డట్టే, ప్రతి మలుపుకీ పెట్రోలు ఈ మూల నుంచి ఆ మూలకి. అవుట్‌లెట్ కుడి పక్కన ఉండటంతో కుడి మలుపుల్లోనే కారు దగ్గేది, ఎడమ మలుపుల్లో ఎంత గట్టిగా తిప్పినా ఏమీ అయ్యేది కాదు. కాబట్టి మీరు గమనించాల్సిన మొదటి సంగతి దిక్కు. మాలరీ పార్క్ సవ్యదిశలో తిరిగే ట్రాక్, అక్కడ పొడవైన మలుపు కుడిదే. మీ అవుట్‌లెట్ కుడి వైపుందా, ఎడమ వైపుందా, మధ్యలో ఉందా? ఇంటికెళ్ళగానే చూడండి.

రెండో పరీక్ష ఇంకా చవక. ట్యాంకు నిండా పెట్రోలు పోసి అదే మలుపులో అదే వేగంతో వెళ్ళండి. నిండా ఉన్నప్పుడు దగ్గు లేకుండా, మూడో వంతుకి తగ్గాక మొదలైతే ఇక అనుమానం అక్కర్లేదు. కొన్ని ల్యాపులయ్యాకే వస్తోందన్నారు కదా, అది వేడి వల్ల అని అనిపించవచ్చు. కానీ ట్రాక్ మీద కారు పెట్రోలు తాగే వేగం చూస్తే, అప్పటికి ట్యాంకు మట్టం కూడా బాగానే తగ్గి ఉంటుంది. ఈ రెంటినీ విడదీసేది నిండు ట్యాంకు పరీక్షే.

కొందరు ఫ్యూయెల్ ప్రెషర్ గేజ్‌ని పొడవాటి పైపుతో అద్దం ముందుకి తెచ్చి టేపు వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, మనిషి కూర్చునే చోటికి 3 బార్ ప్రెషర్‌తో పెట్రోలు రాకూడదు. ఎలక్ట్రిక్ సెన్సర్ దొరుకుతుంది, దాని నుంచి వైరు లోపలికి తెచ్చుకుంటే సరిపోతుంది.

ఈ పెట్రోలు దగ్గుకి వైద్యం స్విర్ల్ పాట్ అనే చిన్న అదనపు డబ్బా. ట్యాంకు నుంచి లో-ప్రెషర్ పంపు ఒకటి లీటరో లీటరున్నరో పట్టే సన్నని నిలువు డబ్బాని ఎప్పుడూ నింపుతూ ఉంటుంది. అసలు హై-ప్రెషర్ పంపు ఆ డబ్బా అడుగు నుంచి తీసుకుంటుంది. ఇంజన్ నుంచి తిరిగొచ్చే పెట్రోలు డబ్బాలోకి, పైన పొర్లేది ట్యాంకులోకి. లో-ప్రెషర్ పంపు మలుపులో కాసేపు గాలి పీల్చినా ఇంజన్‌కి తెలియదు. నేను ఇదే చేశాను, దగ్గు పోయింది. ట్యాంకులో స్పాంజి ఫోమ్ నింపే దారీ ఉంది. అయితే బ్రిటన్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోలంటే ఇథనాల్ 10 శాతం దాకా ఉండే ఈ10. ఇథనాల్‌కి తట్టుకోని ఫోమ్ కొన్నాళ్ళకి పొడి పొడిగా రాలి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. హోస్ పైపులు కొనేటప్పుడు కూడా ఇథనాల్‌కి తట్టుకునే రకం, అంటే ఆర్9 అని రాసి ఉన్నవే తీసుకోండి.

ముల్లు టక్కున పడుతోందని తేలితే మాత్రం వైరింగ్ మీద పడండి. కుడి మలుపులో ఇంజన్ తన రబ్బర్ మౌంట్ల మీద ఎడమకి ఒరుగుతుంది. లూమ్ (వైర్ల కట్ట) బిగుతుగా కట్టేసి ఉంటే ఏదో ఒక కనెక్టర్ని అది లాగుతుంది. చాసిస్‌కి పౌడర్ కోటింగ్ వేయించి ఉంటే ఎర్త్ బోల్టు కింద ఆ కోటింగ్ గీకారా? ఇంజన్ నుంచి చాసిస్‌కి లావుపాటి ఎర్త్ పట్టీ ఉందా? లేకపోతే స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. అలా కేబుల్ మాడిన కారు నేను కళ్ళారా చూశాను.

బ్రేకుల దగ్గరికి వద్దాం. "పెడల్ లోపలికి వెళ్తోంది" అంటే సరిపోదు, ఎలా వెళ్తోందో చెప్పాలి. ల్యాపు ల్యాపుకీ మెత్తబడుతూ స్పాంజిలా అయితే బ్రేక్ ఆయిల్ మరుగుతోంది. డాట్ 4 ఆయిల్ కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలు, తేమ పీల్చుకున్నాక 155. పాత ఆయిల్‌తో ట్రాక్‌కి వెళ్ళడం అందుకే ప్రమాదం. కొత్తది పోసి, ఎయిర్ తీసి వెళ్ళండి. డాట్ 5 అనే సిలికాన్ ఆయిల్ పేరు చూసి డాట్ 5.1 అనుకుని కలిపేయకండి, రెండూ వేరు. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు వేడికి పట్టు వదిలేస్తున్నాయి, ప్యాడ్ రకం మార్చాలి.

మీరు "అప్పుడప్పుడు" అన్నారు కాబట్టి నా అనుమానం మూడోదాని మీద. మొదటిసారి తొక్కితే లోపలికి వెళ్ళి, వెంటనే రెండోసారి తొక్కితే మామూలుగా ఉంటోందా? అయితే ఆయిల్ తప్పు కాదు. మలుపులో హబ్ కదిలి, డిస్క్ పక్కకి ఊగి, ప్యాడ్లని వెనక్కి తోసేస్తోంది. తిన్నని దారిలో బ్రేక్ పాయింట్‌కి ముందే ఎడమ కాలితో పెడల్‌ని ఒకసారి మెల్లగా తట్టి చూడండి. అప్పుడు బ్రేక్ సరిగ్గా పడితే ఇదే. ఆ తట్టే అలవాటుతో బండి నడిపేస్తూ ఉండిపోవద్దు, కారణం వెతకండి. కారు లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే, ఎవరినైనా బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. ఆట మాయమైతే బేరింగ్. అలాగే ఉంటే సస్పెన్షన్ కీళ్ళలో ఏదో ఒకటి, అంటే బాల్ జాయింటో, విష్‌బోన్ బుష్షో, రోజ్ జాయింటో. నా కారులో అది ముందు ఎడమ చక్రం దగ్గర రోజ్ జాయింట్. స్టీరింగ్ తిప్పగానే చిన్న టక్ శబ్దం వచ్చేది, ఇంజన్ హోరులో హెల్మెట్ లోపలికి ఆ శబ్దం ఎక్కడ వినిపిస్తుంది? నట్లన్నిటి మీదా పెయింట్ పెన్నుతో గీత గీసుకుంటే ప్రతి సెషన్ తర్వాత ఏది కదిలిందో కంటితోనే తెలుస్తుంది.

టెంపరేచర్ గురించి ఎక్కువ చెప్పను. ముందు ముల్లు నిజం చెబుతోందో లేదో చూడండి. ఒక కారు సెండర్ (ఇంజన్ వేడిని కొలిచే సెన్సర్), ఇంకో కంపెనీ గేజ్ కలిపితే అవి సరిగ్గా జతపడకపోవచ్చు. సెండర్ విప్పి, దాని ఒంటికి ఎర్త్ ఇచ్చి, వేడినీళ్ళలో థర్మామీటర్‌తో పాటు ముంచితే తేలిపోతుంది. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కదిలితే అది వేడి కాదు, ఎర్త్. నిజంగానే వేడెక్కుతుంటే, పాడక్‌లో నిలబడ్డప్పుడు వేడెక్కేది ఫ్యాన్ సమస్య, వేగంగా వెళ్తున్నప్పుడు వేడెక్కేది గాలి దారి సమస్య. సెవెన్ ముక్కులో రేడియేటర్ చుట్టూ సందులుంటే గాలి రేడియేటర్ గుండా పోకుండా పక్కనుంచి పోతుంది, రేకుతోనో ఫోమ్ పట్టీతోనో మూసేయండి. హెడర్ ట్యాంకు (కూలెంట్ పోసే డబ్బా) మొత్తం కూలెంట్ దారిలో అన్నిటికంటే ఎత్తున ఉండాలి, లేకపోతే ఎయిర్ పట్టి వదలదు. ఇవన్నీ సరిగ్గా ఉండీ, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే హోస్ పైపులు రాయిలా గట్టిపడుతుంటే హెడ్ గ్యాస్కెట్ టెస్టు చేయించండి.

ఒకేసారి మూడూ సరిచేసి మళ్ళీ మాలరీకి బయలుదేరవద్దు, ఏది ఏ మార్పుకి పోయిందో తెలియదు. మీ వరస ఇలా ఉంటే బాగుంటుంది: ఆయిల్ గేజ్ బిగించడం, హబ్ ఆట చూడటం ఇంట్లోనే. హబ్‌లు బాగున్నాయని తేలాక, గేజ్ మీద కెమెరా పెట్టుకుని, నిండు ట్యాంకుతో ఒక సెషన్. ట్యాంకు అవుట్‌లెట్ ఏ పక్కన ఉందో, పెడల్ రెండో తొక్కుడుకి తిరిగొస్తోందో లేదో ఈ ప్రశ్న కిందే రాయండి. స్విర్ల్ పాట్‌కి పైపులు ఎలా కలపాలో నా కారు ఫొటోలు పెడతాను.