లాగ్‌లో ఎన్‌కోడింగ్ వార్నింగ్ వస్తే ఎక్కడ వెతకాలి

తమ్ముడూ,

గ్లాస్‌ఫిష్ (జావా వెబ్ అప్లికేషన్లు నడిపే సర్వర్) లాగ్‌లో పీడబ్ల్యూసీ4011 వార్నింగ్ ఆగకుండా వస్తోందనీ, ఫారంలో తెలుగులో కొట్టిన పేర్లు డేటాబేస్‌లో గజిబిజిగా పడుతున్నాయనీ రాశావు. లాగ్ లెవెల్ మార్చి ఆ లైను కనబడకుండా చేద్దామన్న ఆలోచన మానుకో. రిక్వెస్ట్‌కి యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులనూ బైట్లుగా రాసే ఎన్‌కోడింగ్) పెట్టమని కోడ్ అడిగేసరికే కోడ్‌లో ఇంకెవరో పారామీటర్లు, అంటే ఫారంలో నింపిన విలువలు, చదివేశారు, అందుకే పెట్టలేకపోయానని కంటెయినర్ (నీ కోడ్‌ను నడిపే సర్వర్ భాగం) చెబుతోంది. ఆ ‘ఎవరో’ ఎవరన్నదే నువ్వు పట్టుకోవాలి.

పారామీటర్లను కంటెయినర్ ఒక్కసారే విడదీస్తుంది, మొదటి గెట్‌పారామీటర్ పిలుపు దగ్గర. బ్రౌజర్లు ఫారం పంపేటప్పుడు మామూలుగా చార్‌సెట్ (ఏ ఎన్‌కోడింగో) చెప్పవు. చెప్పకపోతే ఐఎస్ఓ-8859-1 (పశ్చిమ యూరప్ భాషల ఎన్‌కోడింగ్) అనుకోమన్నాయి పాత సర్వ్‌లెట్ (జావా వెబ్ ప్రోగ్రాం) స్పెసిఫికేషన్లు. ‘అ’ యూటీఎఫ్-8లో మూడు బైట్లు: ఈ0, బీ0, 85. ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదివితే నెత్తిన గీతున్న ఇంగ్లిష్ చిన్న ‘ఏ’, దాని పక్కన డిగ్రీ గుర్తు వస్తాయి. డేటాబేస్‌లో ఈ జంట వరసగా కనిపిస్తోందా, చూడు.

దొంగ దొరకాలంటే ఇలా చెయ్యి. అన్నిటికన్నా ముందు నడిచే ఒక ఫిల్టర్ (రిక్వెస్ట్ సర్వ్‌లెట్‌కి చేరేలోపు నడిచే కోడ్) రాసి, అందులో రిక్వెస్ట్‌ను హెచ్‌టీటీపీసర్వ్‌లెట్‌రిక్వెస్ట్‌ర్యాపర్‌తో చుట్టు. గెట్‌పారామీటర్, గెట్‌పారామీటర్‌మ్యాప్, గెట్‌పారామీటర్‌వాల్యూస్, గెట్‌పారామీటర్‌నేమ్స్ నాలుగూ ఓవర్‌రైడ్ చేసి, గెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ నల్ అయితే స్టాక్ ట్రేస్ (ఎవరు ఎవరిని పిలిచారో చూపే జాబితా) అచ్చు వేయించు. మొదటి ట్రేస్‌లో ఆ మెథడ్‌ను పిలిచిన క్లాసే నీ జవాబు. ఎక్కువగా అది లాగింగ్ ఫిల్టరో, లాగిన్ చెక్ చేసే ఫిల్టరో అవుతుంది. ట్రేస్ ఏదీ రాకుండానే వార్నింగ్ వచ్చిందంటే, చదివింది ఫిల్టర్ల కన్నా పైన, కంటెయినర్ స్థాయిలో కావచ్చు.

ఇక మందు. సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ పిలిచే ఫిల్టర్ అన్నిటికన్నా ముందుండాలి. వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో (అప్లికేషన్ సెట్టింగుల ఫైలు) వరసను నిర్ణయించేవి ఫిల్టర్‌మ్యాపింగ్‌లు, ఫిల్టర్ డిక్లరేషన్లు కావు. యూఆర్ఎల్ ప్యాటర్న్‌తో ఇచ్చినవి ముందు, సర్వ్‌లెట్ పేరుతో ఇచ్చినవి తర్వాత నడుస్తాయి. వెబ్‌ఫిల్టర్ అనొటేషన్‌తో పెట్టినవాటికి వరస గ్యారంటీ లేదు, ఈ ఫిల్టర్‌కి మాత్రం అనొటేషన్ వాడకు. సర్వ్‌లెట్ 4.0 ఉంటే రిక్వెస్ట్-క్యారెక్టర్-ఎన్‌కోడింగ్ అనే ఎలిమెంట్ వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో ఒక్కటి పెడితే చాలు. పాత గ్లాస్‌ఫిష్ అయితే గ్లాస్‌ఫిష్-వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో పారామీటర్-ఎన్‌కోడింగ్ ట్యాగ్‌కు డీఫాల్ట్-చార్‌సెట్‌గా యూటీఎఫ్-8 ఇవ్వు. ఎవరు ముందు చదివినా అప్పుడు సరిగ్గానే చదువుతారు.

ఇదంతా పోస్ట్ బాడీ సంగతి. యూఆర్ఎల్‌లో వచ్చే తెలుగు సంగతి సర్వర్‌ను బట్టి మారుతుంది. టామ్‌క్యాట్‌లో (ఇంకో జావా సర్వర్) అది కనెక్టర్‌లోని యూఆర్ఐఎన్‌కోడింగ్ పని. టామ్‌క్యాట్ 7 వరకు డీఫాల్ట్ ఐఎస్ఓ-8859-1, 8 నుంచి యూటీఎఫ్-8. రెస్పాన్స్‌లో చార్‌సెట్‌ను గెట్‌రైటర్ కన్నా ముందే పెట్టు. తర్వాత పెడితే వార్నింగ్ కూడా రాదు, చడీచప్పుడు లేకుండా పక్కన పడేస్తుంది.

బిల్డ్‌లో ‘ప్లాట్‌ఫామ్ డిపెండెంట్’ అని మేవెన్ (జావా కోడ్‌ను బిల్డ్ చేసే పనిముట్టు) గొణిగితే అది వేరే సంగతి: దాని సెట్టింగుల ఫైలు పామ్‌లో ప్రాజెక్ట్ డాట్ బిల్డ్ డాట్ సోర్స్‌ఎన్‌కోడింగ్ ప్రాపర్టీకి యూటీఎఫ్-8 ఇవ్వు. జేడీకే 18 నుంచి జావా డీఫాల్ట్ చార్‌సెట్ యూటీఎఫ్-8యే అయినా ఆ లైను రాసే ఉంచు.

ఇప్పటికే చెడిన రికార్డుల విషయం. గజిబిజి గుర్తులున్నవి సాధారణంగా బాగవుతాయి: ఆ స్ట్రింగ్‌ను ఐఎస్ఓ-8859-1 బైట్లుగా మార్చి, వాటిని యూటీఎఫ్-8గా మళ్లీ చదవాలి. ముందు బ్యాకప్ తీసుకుని, విడిగా ఒక స్క్రిప్టుతో, చెడిన వరసల మీద ఒక్కసారే నడుపు. ఆ లైనును అప్లికేషన్‌లో మాత్రం పెట్టకు, రేపు ఫిల్టర్ సరిచేశాక మంచి డేటాను అదే పాడుచేస్తుంది. వరసగా ప్రశ్నార్థకాలే ఉన్న పేర్లలో బైట్లు పోయాయి. వాటిని ఆ మనుషులను అడిగి మళ్లీ ఎక్కించుకోవాల్సిందే.

మీ అన్నయ్య