ఫోన్‌లో ప్రేమంతా చెబుతారు.. ఎదురుగా ఉంటే నోరు విప్పరు! ఇది జబ్బా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 34. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. మా వారు తొమ్మిదేళ్లు దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసి నిరుడు పూర్తిగా వచ్చేశారు. ఇప్పుడు ఊళ్లోనే మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నారు. అక్కడున్నన్నాళ్లూ డ్యూటీ దిగగానే వాయిస్ మెసేజ్ పెట్టేవారు. ‘నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్నో’ లాంటి మాటలు ఎన్నో అనేవారు. ఇంటికొచ్చాక ఒక్క మాట లేదు. ఇప్పటికీ షాపులో కూర్చుని వాట్సాప్‌లో ప్రేమగా రాస్తారు. అరగంటకు ఇంటికొచ్చి, టీవీ చూస్తూ అన్నం తిని పడుకుంటారు. పెళ్లిరోజు నాడు ‘ఒక్కసారి నా ముఖం చూసి చెప్పండి’ అన్నాను. చెమటలు పట్టాయి, బండి తీసుకుని బయటికి వెళ్లిపోయారు. తాగుడు అలవాటు లేదు. షాపుకొచ్చిన వాళ్లతో బాగానే మాట్లాడతారు. ఇది జబ్బా? నా మీద ప్రేమ తగ్గిందా? పాత మెసేజ్‌లు వింటూ కూర్చుంటున్నాను, అది కూడా తప్పేమో తెలియడం లేదు.

డాక్టర్ సలహా: అమ్మా, మీరు రాసినవాటిలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆ చెమటల సంగతి. మీరంటే లెక్కలేకపోతే ఆయన ‘ఇప్పుడు ఇదేం గోల’ అని విసుక్కునేవారు, లేదా ఏదో ఒక మాట అనేసి మళ్లీ టీవీ చూసుకునేవారు. చెమట పట్టిందంటే ఆ మాట ఆయనకు చాలా బరువైనదని అర్థం.

మీరు ఎదురుగా నిలబడి ‘చెప్పండి’ అనగానే ఆయన ఒళ్లు దాన్ని పరీక్షగా తీసుకుంది. కుక్క మీదికి వస్తే ఒంట్లో ఏ నాడీ వ్యవస్థ మేల్కొంటుందో అదే ఇక్కడా మేల్కొంటుంది. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, గొంతు పట్టేసినట్టవుతుంది. నోటిదాకా వచ్చిన మాట కూడా పోతుంది. బండెక్కి వీధి మలుపు తిరిగేసరికి దడ తగ్గుతుంది. చిక్కంతా ఆ హాయితోనే. తప్పించుకుంటే నెమ్మదిగా ఉంటుందని ఒంటికి తెలిసిపోయింది కాబట్టి వచ్చేసారి ఇంకా ముందే తప్పించుకుంటుంది. మనసులో మీ మీద ఏమీ లేకపోయినా ఇది జరుగుతుంది.

జబ్బా అని అడిగారు. తన మనసులో ఏముందో తనకే తెలియని, దానికి మాట దొరకని స్థితి ఒకటి ఉంది. పీటర్ సిఫ్నియోస్ అనే సైకియాట్రిస్ట్ 1973లో దానికి అలెక్సిథైమియా అని పేరు పెట్టారు. అలాంటివాళ్లను ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘కడుపులో ఏదోలా ఉంది’ అంటారు తప్ప బాధనో బెంగనో చెప్పలేరు, రాయమన్నా చాలావరకు అంతే. మీ వారు రాస్తున్నారు, అదీ చక్కగా రాస్తున్నారు. కాబట్టి అది కాదు. నలుగురిలో మాట్లాడాలంటే భయమా అంటే, రోజంతా షాపులో బేరాలాడుతున్నారు. అదీ కాదు. మీరు చెప్పినంతవరకు నాకు జబ్బు కనిపించలేదు. మాటలున్నాయి, మనసుంది. మీ ముఖం ఎదురుగా ఉన్నప్పుడే దారి మూసుకుపోతోంది.

ముఖం ఎదురుగా ఉండటం నిజంగానే బరువు. 2016లో క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొందరిని కూర్చోబెట్టి, తెర మీద ఒక ముఖం వాళ్లనే చూస్తుండగా ఇచ్చిన పదానికి తగిన క్రియాపదం చెప్పమన్నారు. మాట వెతుక్కోవడం కష్టమైన చోట, కళ్లలో కళ్లు పెట్టి చూస్తున్నవారికి ఆలస్యమైంది. తెర మీది కొత్త ముఖంతోనే అలా ఉంటే, తొమ్మిదేళ్లు ఎదురుచూసిన భార్య ముఖమైతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇంకో సంగతి. నా దగ్గరికి గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు చాలామంది వస్తుంటారు. రూములో నలుగురైదుగురి మధ్య, దుప్పటి ముసుగేసుకుని, గుసగుసగా ఫోన్‌లో కాపురం చేశామని నవ్వుతూ చెబుతారు. చీకటి, దుప్పటి, చేతిలో ఫోన్.. ఈ మూడూ ఉంటేనే మాట వచ్చేలా అలవాటు పడిపోతారు. మీరు కూడా ఆ తొమ్మిదేళ్లూ ఫోన్‌లోని మనిషితోనే కాపురం చేశారు కదా. మీ ఇద్దరూ ఒకే గదిలో ఉండటం ఇప్పుడిప్పుడే మొదలైంది. కొత్త పెళ్లికొడుకు సిగ్గు నలభై ఏళ్లకు వచ్చిందనుకోండి.

మన భాషతోనూ ఒక ఇబ్బంది ఉంది. ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అని తెలుగిళ్లలో ఎవరంటారు? డబ్బింగ్ సినిమాలా ఉంటుంది. ‘తిన్నావా’, ‘చేరాక ఫోన్ చెయ్’, ‘ఎండలో తిరగకు’ అంటాం. అయితే ‘అదే ప్రేమ, సర్దుకో’ అని పెద్దవాళ్లు చెప్పినట్టు నేను చెప్పను. మీకు వినాలని ఉంది, ఆ కోరిక న్యాయమైనదే. కాకపోతే ఏ వాక్యం కావాలో ముందే ఖాయం చేసుకుని, అదే అనమని పట్టుబట్టకండి. ఆయన నోటికి తేలిగ్గా వచ్చే మాట ఏదో ఆయన్నే వెతుక్కోనివ్వండి.

ఇక చేయాల్సింది. ఇప్పుడు షాపు దాకా వచ్చి ఆగిన మాటను మెల్లగా ఇంట్లోకి తెచ్చుకోవాలి. ముందు, రాసేదాన్ని మళ్లీ వాయిస్ మెసేజ్‌గా పెట్టమనండి. మీరు వంటింట్లో, ఆయన వాకిట్లో ఉన్నా పరవాలేదు, పక్క గది నుంచే పెట్టనివ్వండి. అది అలవాటయ్యాక, రాత్రి లైటు తీసేశాక ఆ రోజు తను రాసిన మెసేజ్‌నే ఫోన్‌లో చూసి చదవమనండి. కొత్తగా ఏమీ అనక్కర్లేదు. చదివేటప్పుడు మీరు ఆయన వైపు తిరగకండి. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, చిక్కుడుకాయలు వలుస్తున్నప్పుడు, పక్కపక్కన నడుస్తున్నప్పుడు మాట్లాడటం ఎదురెదురుగా కూర్చోవడం కన్నా ఎంతో సులువు. ముఖం చూసి చెప్పడం అన్నిటికన్నా చివర. దానికి నెలలు పట్టినా కంగారు పడకండి. ఒక మెట్టు దగ్గర దడ తగ్గాకే తర్వాతి మెట్టు.

ఇందులో మీ వంతు కష్టమైనది. ఆయన మొదటిసారి గొంతు విప్పినప్పుడు ‘అమ్మయ్య, ఇప్పటికి నోరు పెగిలిందా’ అనకండి. నవ్వకండి. మర్నాడు ఆడపడుచుకు ఫోన్ చేసి చెప్పకండి. సరదాగా అన్నా సరే, మళ్లీ ఆరు నెలలు మూసుకుపోతుంది. ‘బాగుంది’ అని చేయి మీద చేయి వేస్తే చాలు. అడగడం కూడా పరీక్షలా కాకుండా, ‘మీరు రాసింది మీ గొంతులో వినాలని ఉంది’ అని ఒక్కసారి చెప్పి వదిలేయండి. (ఇంత సలహా ఇస్తున్న నేను మా ఇంట్లో ఏం చేస్తానని మా ఆవిణ్ని మాత్రం అడగకండి.)

అయితే కొన్ని గమనించండి. వచ్చినప్పటి నుంచి నిద్ర పాడైందా? ఆకలి తగ్గిందా? పిల్లలతో, స్నేహితులతో కూడా మాట తగ్గిందా? ఇదివరకు ఇష్టపడిన పనుల మీద కూడా ఆసక్తి పోయిందా? ఇవి రెండు వారాలకు మించి ఉంటే డిప్రెషన్ కావచ్చు. తిరిగొచ్చాక అప్పుల టెన్షన్, షాపు సరిగా సాగకపోవడం మనసు లోపల పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మనిషి మందకొడిగా, ఎప్పుడూ అలసటగా ఉంటే థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. డిప్రెషన్‌కో ఆందోళనకో ఇప్పటికే మందులు వాడుతుంటే, వాటిలో కొన్ని సంతోషాన్నీ బాధనూ రెంటినీ మొద్దుబారుస్తాయి. అలాగని సొంతంగా ఆపకండి, రాసిచ్చిన డాక్టర్‌కే చెప్పండి. ‘చచ్చిపోవాలనిపిస్తోంది’ లాంటి మాట వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

మాట్లాడలేకపోవడం వేరు, శిక్షగా మాట్లాడకపోవడం వేరు. కోపం వస్తే వారాల తరబడి మౌనంగా ఉండి, మీరు బతిమాలేదాకా ఆగే మనిషైతే ఈ సలహా పనిచేయదు, ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. మీరు రాసినదాంట్లో ఆ ఛాయ కనిపించలేదు.

పాత మెసేజ్‌లు వినడం తప్పేమీ కాదు. ఫోన్ పాడైతే పోతాయి, ముందు బ్యాకప్ తీసి పెట్టుకోండి. ఒకరోజు ఆయన పక్కనే ఉన్నప్పుడు వాటిలో ఒకటి పెట్టండి. ఏమీ అడగొద్దు. దుబాయ్ రూములో దుప్పటి కింద మాట్లాడిన తన గొంతు తనే వింటారు. తర్వాత ఏమంటారో నాకు రాయండి.