చేప కనపడనంతసేపు

చిరంజీవి మాధవ్‌కు ఆశీస్సులు.

అమెరికాలో బాస్ అనే మంచినీటి చేపలను గాలంతో పట్టే పోటీలను జనం టీవీలో గంటల తరబడి ఎందుకు చూస్తారన్న నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. వాక్యం నీకు బాగానే లొంగుతోంది, సంతోషం. అయితే నాలుగు పేజీల్లో చేప తొమ్మిదిసార్లు ఎగిరిపడింది కానీ, గాలం వేసినవాడు ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చేప ఎక్కడుందో పోటీదారుకు తెలియదు, వ్యాఖ్యాతకు తెలియదు, చూస్తున్న మనకూ తెలియదు. క్రికెట్‌లో బంతి ఎటు పోయిందో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. ఇక్కడ బంతే నీళ్ళ కింద ఉంది. అందువల్ల మన చూపు అతని చేతుల మీదా, కనుబొమల మీదా, గొణుగుడు మీదా నిలుస్తుంది. నీ వ్యాసంలో లేనిది అదే.

డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు నేను మొదటిసారి చూసిన దృశ్యం చెబుతాను. ఒకాయన పడవ ముందు భాగాన నిలబడి, చిన్న మోటారును పాదంతో నడుపుతూ, నీటిలోకి చొచ్చుకొచ్చిన ఒక చెక్క రేవు నీడలోకి ఎరను విసిరాడు. ఏమీ తగల్లేదు. జానెడు పక్కకు మళ్ళీ విసిరాడు. దారం కొసను వేళ్ళతో తడిమి, అరిగిందేమోనని చూసి, కాస్త తుంచేసి కొత్తగా ముడి వేశాడు. ఎర రంగు మార్చి, పడవను రెండు గజాలు వెనక్కి జరిపి, అదే నీడలోకి ఇంకో వైపు నుంచి వేశాడు. పావుగంట గడిచింది. అమ్మాయి రిమోట్ అందుకోబోతే నేనే వద్దన్నాను. బాస్ స్వభావం మన కొరమీను లాంటిదే, మాటు వేసి, దగ్గరగా దాటిపోయేదాని మీద ఒక్క ఉదుటున పడుతుంది. కొల్లేరు పక్కన కాలువ గట్టు మీద గాలం పట్టుకుని కూర్చున్నవాడికి ఆ పావుగంట ఎందుకు విసుగు పుట్టించదో నేను వివరించనక్కరలేదు.

ఈ పోటీల పుట్టుకను నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. అక్కడ ఆగవలసింది. 1967లో రే స్కాట్ అనే అలబామా బీమా ఏజెంటు, గాలివాన వల్ల వేట మానుకుని, మిసిసిపీ రాష్ట్రంలోని ఒక హోటల్ గదిలో టీవీలో బాస్కెట్‌బాల్ చూస్తుండగా, చేపల వేటను కూడా ఇలా పోటీగా ఎందుకు నడపకూడదన్న ఆలోచన తట్టిందని చెబుతారు. ఆ జూన్‌లోనే ఆర్కాన్సాలోని బీవర్ లేక్ మీద 106 మందితో పోటీ పెట్టేశాడు. టీవీ ముందు పుట్టిన ఆట చివరికి టీవీలోకే చేరింది. ఇంతకన్నా మంచి ఎత్తుగడ నీకు ఎక్కడ దొరుకుతుంది?

నియమాలను మాత్రం చివరి పేరాలోంచి ముందుకు తీసుకురా. రే స్కాట్ మొదలుపెట్టిన ఈ పోటీలకే బాస్‌మాస్టర్ అని పేరు, వాటిలో గెలుపు చేపల మొత్తం బరువును బట్టే. రోజంతా ఎన్ని పట్టినా తూకానికి అయిదే లెక్క, ఆరోది పెద్దదైతే ఉన్నవాటిలో చిన్నదాన్ని వదిలెయ్యాలి. ఒడ్డుకు చేరడం ఆలస్యమైతే నిమిషానికి ఒక పౌండు చొప్పున తూకంలో కోత పడుతుంది. పాఠకుడికి ఇవి ముందే తెలిస్తే, నాలుగు చేపలతో గడియారం చూసుకుంటున్న మనిషి ముఖాన్ని నువ్వు వర్ణించకపోయినా అతనికి కనిపిస్తుంది. నేనూ ఇక్కడే పప్పులో కాలేశాను. ఒకసారి ఒక వ్యాసంలో, గెలిచిన చేపలు ఆ రాత్రి వంటింటికి చేరాయని, నూనె చిటపటలతో సహా రాశాను. నిజానికి 1972 నుంచి చేపలను పడవలోని నీటి తొట్టెలో బతికించి తెచ్చి, తూచాక వదిలెయ్యడం అక్కడి ఆచారం. చచ్చిన చేపకు జరిమానా కూడా ఉంది. టెక్సస్ నుంచి ఒక పాఠకుడు ఎంతో మర్యాదగా ఉత్తరం రాశాడు. ఆ మర్యాదే ఎక్కువ కుట్టింది.

సామాన్య ప్రేక్షకుడిని పట్టి ఉంచేది ఇంకొకటి ఉంది. క్రికెట్ అభిమాని ఉప్పల్ స్టేడియంలో బ్యాటు పట్టుకుని దిగలేడు. ఈ ఆట అభిమాని మాత్రం ఆదివారం టీవీలో చూసిన చెరువు మీదికే, అదే ఎర కొనుక్కుని, వచ్చే శనివారం వెళ్ళగలడు. ఈ మాట నీ వ్యాసంలో ఉంది, కానీ మూడో పేజీ అడుగున నలిగిపోయింది.

ఇక తకహిరో ఒమోరి సంగతి. జపాన్ నుంచి వచ్చి, కొన్నేళ్ళు తన వాహనంలోనే పడుకుంటూ పోటీలు తిరిగిన ఈ మనిషి, 2004లో లేక్ వైలీ మీద జరిగిన బాస్‌మాస్టర్ క్లాసిక్‌లో, అంటే ఆ ఏటి అతి పెద్ద పోటీలో, సమయం ముగియవస్తుండగా క్రాంక్‌బైట్ అనే ఎరకు మారి, చివరి నిమిషాల్లో పట్టిన చేపలతో గెలిచాడు. దీన్ని నువ్వు మూడు పంక్తుల్లో ముగించి, వెంటనే విజయం గురించి తాత్పర్యం చెప్పావు. తాత్పర్యం కొట్టెయ్యి. ఎర మార్చాలని చెయ్యి కదిలిన చోటు నుంచి దారం బిగిసే దాకా ఒక పూర్తి పేజీ రాయి, అందులో చేప అన్న మాట వాడకు. వీడియో దొరికితే ఆపి ఆపి చూడు, అందులో కనిపించనిది కల్పించకు. సంక్రాంతికి ఊరికి వస్తున్నాను, కొత్త ప్రతి అప్పటికి అందితే చాలు.

ఆశీస్సులతో,
మాస్టారు